పార్కింగు చోటు, పరుల హక్కు



ధార్మిక సోదరులారా! జుమా వేదిక మీద పార్కింగు ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. కాని ఉద్యోగానికి వెళ్ళే మనలో అనేకులకు తోటి మనిషితో ఆ రోజు తొలి తగవు అక్కడే వస్తోంది. గచ్చిబౌలి, మాదాపూర్ కార్యాలయాల సెల్లార్లలోనైనా, విజయవాడ ఆటోనగర్ షెడ్ల ముందైనా పరిస్థితి ఒక్కటే. బండ్లు ఎక్కువ, చోటు తక్కువ. ఫజర్ నమాజు చేసి బయలుదేరిన మనిషి తొమ్మిది గంటలకల్లా సహోద్యోగిని దుర్భాషలాడి లిఫ్టు ఎక్కుతున్నాడు. నమాజుకూ సెల్లారుకూ సంబంధం లేదని అతను అనుకుంటున్నాడు కాబోలు.

ముందుగా చోటు విషయం చూద్దాము. హజ్ సమయంలో మినాలో దైవప్రవక్త (స) కొరకు నీడనిచ్చే కట్టడం నిర్మిస్తామని అనుమతి కోరినప్పుడు ఆయన వద్దన్నారు. మినా ముందుగా చేరుకున్నవారు తమ ఒంటెను కూర్చోబెట్టుకునే స్థలమని తెలియజేశారు. ఈ విషయం తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాలలో ఉంది. ఒంటెను కూర్చోబెట్టే చోటంటే ఆనాటి పార్కింగు స్థలమే కదా! అక్కడ ప్రవక్తకు సైతం ప్రత్యేకమైన గడి లేదు. కనుక యాజమాన్యం ఎవరికీ కేటాయించని చోట ముందు వచ్చినవారిదే హక్కు. హెల్మెటో ఇటుకో పెట్టి పోయినంత మాత్రాన, మిత్రుణ్ణి నిలబెట్టినంత మాత్రాన ఆ హక్కు మనది కాబోదు. యాజమాన్యం అంకెలు వేసి పంచి ఇచ్చిన చోట ఆ పంపకమే ఒప్పందం. దానిని పాటించటం విశ్వాసికి విధి. వికలాంగుల కొరకు వదిలిన గడిలో ‘పది నిమిషాలే’ అంటూ బండి పెట్టటం దౌర్జన్యమే.

ఇంతకంటే బరువైనది నష్టం విషయం. రివర్సు చేస్తుండగా వెనుక కారు బంపరుకు తగులుతుంది. సొట్ట పడుతుంది, లేదా అద్దం విరుగుతుంది. చుట్టూ ఎవరూ ఉండరు. అప్పుడు మన కళ్ళు మొదట వెతికేది కెమెరాను. అది కనిపించకపోతే బండిని నెమ్మదిగా మరో వరుసలోకి మార్చి పనికి వెళ్ళిపోతాము. కావాలని చేయలేదు కదా అన్నది మనకు మనం చెప్పుకునే సమాధానం. కావాలని చేయలేదన్న మాట నిజమే కావచ్చు. అయితే పొరపాటు వల్ల పాపం ఉండకపోవచ్చు గాని, పరిహారం మాఫీ కాదు. ఇతరుల సొత్తుకు తెలిసి నష్టం కలిగించినా, తెలియక కలిగించినా భర్తీ చేయవలసిందేనని ధర్మశాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. దీనినే ‘జమాన్’ అంటారు.

సహీహ్ బుఖారీలోని ఒక సంఘటన దీనికి చక్కని నిదర్శనం. దైవప్రవక్త (స) ఒక సతీమణి ఇంట ఉండగా, మరొక సతీమణి సేవకునిచేత పాత్రలో ఆహారం పంపారు. ఇంట ఉన్న సతీమణి ఆ చేతిని తట్టగా పాత్ర పడి పగిలిపోయింది. ప్రవక్త (స) ముక్కలను స్వయంగా ఏరి, చెదిరిన ఆహారాన్ని కూడదీశారు. ఆమె రోషాన్ని అర్థం చేసుకున్నారు, నలుగురిలో అవమానించలేదు. అయినా పాత్ర సంగతి వదిలివేయలేదు. సేవకుణ్ణి ఆపి, పగులగొట్టిన ఇంటి నుండే మంచి పాత్ర ఇప్పించి పంపారు. పగిలినది ఆ ఇంటనే ఉండిపోయింది. ఒక్క పాత్ర విషయంలోనే ఇంత పట్టింపు ఉన్నప్పుడు, తోటి ఉద్యోగి వాయిదాలు కడుతూ కొనుక్కున్న కారు మాటేమిటి?

‘ఇన్సూరెన్సు ఉంది కదా, వాళ్ళు కట్టుకుంటారులే’ అనే మాట తరచుగా వింటుంటాము. ఆ లెక్క సరికాదు. మన దేశంలో 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిములో తొలి 1000 రూపాయలు యజమానే భరించాలి. బంపరు వంటి ప్లాస్టిక్ భాగాలకు సాధారణ పాలసీలో సగం ధరే వస్తుంది. ఏడాది పాటు క్లెయిము లేకుంటే 20 శాతం, వరుసగా ఐదేళ్ళు లేకుంటే 50 శాతం వరకు లభించే రాయితీ ఒక్క క్లెయిముతో పోతుంది. అంటే తప్పు మనది, జరిమానా అతనిది. ఇక మన బండిని బాగుచేయించుకోవటానికి జరిగినదొకటైతే మరొకటి రాసి క్లెయిము పెట్టటం అబద్ధపు సాక్ష్యమే.

మనం మౌనంగా వెళ్ళిపోయినప్పుడు నష్టపోయేది కారు యజమాని ఒక్కడే కాదు. ‘నువ్వుండగా ఎలా జరిగింది?’ అని సెక్యూరిటీ గార్డును నిలదీస్తారు. అతని జీతంలో కోత పడవచ్చు, ఉద్యోగమే పోవచ్చు. పన్నెండు గంటలు నిలబడి కాపలా కాసే ఆ పేదవాని హక్కు కూడా మన మెడకు చుట్టుకుంటుంది. నమాజులు, ఉపవాసాలు, జకాతు వెంట తెచ్చుకొని కూడా, ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టినందుకు పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి దివాలా తీసే మనిషి గురించి ప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. పరలోకంలో చెల్లింపు రూపాయలలో జరగదు.

నష్టపోయిన సోదరునికీ ఒక మాట. నిన్న గొడవపడ్డాడు గనుక గీత గీసింది అతనేనని ఆధారం లేకుండా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రాయటం అపనింద. నిరూపించవలసిన బాధ్యత ఆరోపించేవారిదే. ప్రతీకారంగా తాళంచెవితో అతని కారు తలుపు గీకటం, టైరులో గాలి తీయటం ధర్మం అనుమతించదు. దెబ్బతిన్న సొత్తుకు ధర్మసమ్మతమైన దారి పరిహారం పొందటమో, క్షమించటమో. బాటకు అడ్డంగా పశువును నిలిపినవాడు దానివల్ల కలిగే నష్టానికి బాధ్యుడని ఫిఖహ్ పండితులు రాశారు. కాబట్టి మన బండి గీత దాటి, మలుపులో అడ్డంగా ఉన్నదేమో కూడా చూసుకోవాలి. అటువంటప్పుడు మొత్తం భారం ఎదుటివాని మీద మోపటం న్యాయం కాదు.

మరి తగిలించినవారు ఏం చేయాలి? పేరు, ఫోను నంబరు రాసి వైపరు కింద పెట్టాలి. గార్డుకు చెప్పి రిజిస్టరులో రాయించాలి. ఆనాడే చెప్పలేకపోతే ఈనాడు చెప్పవచ్చు. రిజిస్టరులో బండి నంబరు ఉంటుంది, అడ్మిన్ విభాగంలో వివరం దొరుకుతుంది. చెల్లించే స్తోమత లేకపోతే గడువు అడగాలి. అతను క్షమిస్తే బాధ్యత తీరుతుంది. ఎంత వెదికినా యజమాని దొరకకపోతే ఆ మొత్తాన్ని అతని తరఫున దానం చేయాలని, తరువాత దొరికితే అతని ఇష్టాన్ని అడగాలని పండితులు చెబుతారు.

ఇప్పుడు మన మస్జిదు ముందు వీధిని కూడా ఒకసారి గమనించండి. పొరుగింటి గేటుకు అడ్డంగా బండి నిలిపినవారు నమాజు ముగియగానే ముందుగా బయటకు వెళ్ళి తీయాలి. జుమా తరువాతి సున్నత్‌లను ఇంట చేసుకోవటం ప్రవక్త (స) ఆచరణలో ఉంది కనుక అందుకు సంకోచించనవసరం లేదు. ఆ ఇంటివారు మన మతస్థులైనా కాకపోయినా, బండి తీసిన తరువాత వారి తలుపు తట్టి క్షమాపణ అడగండి.