జాతర కారుకి కొత్త చక్రాలు: పాత రేడియో ఏరియల్‌తో చిన్న రిపేరు

ఈరోజు మన బల్ల మీద ఉండేది ఒక చిన్న రిమోట్ కారు. మా కుప్పంలో మే నెలలో గంగమ్మ జాతర జరుగుతుంది గదా, అక్కడ కొన్నది. మా వీధిలో నాలుగో తరగతి చదివే పిల్లోడిది. కొన్న మూడో రోజే వెనక కుడిపక్క చక్రం ఊడొచ్చింది. వాడు కారును చొక్కాలో దాచుకోని తెచ్చి, "అన్నా, మా నాయనకు చెప్పొద్దునా, నేను ఎక్కడా గుద్దలేదునా" అన్నాడు.

అందుకని ఈ ఎపిసోడ్‌లో రెండు పనులు. చక్రం వెయ్యాల, అది ఎందుకు ఊడిందో కూడా తేల్చాల.

ముందు ఊడిన చక్రాన్ని చూద్దాం. మధ్యలో ఇరుసు దూరే గొట్టం లాంటి భాగాన్ని హబ్ అంటారు. దాని పొడవునా సన్నటి చీలిక ఉంది చూడండి. దెబ్బ తగిలి విరిగితే రిమ్ము మీద గాటు ఉండాల, ఇక్కడ ఏమీ లేదు. ఇరుసు 2 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ. హబ్ రంధ్రం అంతకన్నా కొంచెం చిన్నదిగా పెట్టి, గట్టిగా నొక్కి ఎక్కిస్తారు. మన పల్లెల్లో ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేసేది చూసుంటారు. పట్టాను కాల్చి ఎక్కిస్తే, చల్లారినాక బిగుసుకుంటుంది. అక్కడ బయట సాగేది ఇనుము, అందుకే తట్టుకుంటుంది. ఇక్కడ బయట ఉండేది పల్చటి ప్లాస్టిక్. ఎప్పుడూ లాగినట్టే ఉంటుంది కాబట్టి ఒక రోజు చీలుతుంది. పిల్లోడికి ఈ చీలిక చూపించి, తప్పు నీది కాదప్పా అని చెప్పినా. అప్పుడు గానీ వాడు కూర్చోలేదు.

మరి కొత్త చక్రం కొనొచ్చు గదా అంటారు. ఖరీదైన హాబీ కార్లకు అది సులభమే. 1/10 సైజు కార్లలో ఎక్కువ వాటికి 12 మిల్లీమీటర్ల ఆరు పలకల హబ్ ఉంటుంది, ఒక కంపెనీ చక్రం ఇంకో కంపెనీ కారుకి పడుతుంది. జపాన్ క్యోషో కంపెనీ 1999లో తెచ్చిన మినీ జెడ్ కార్లకి, అవి 1/28 సైజువి, రకరకాల వెడల్పుల్లో చక్రాలు దొరుకుతాయి. జాతర బొమ్మకి అట్లాంటి కొలత ఏదీ లేదు, స్పేర్ పార్టు అనే మాటే లేదు. అందుకే మనమే అమర్చుకోవాల.

నా పాత సామాన్ల డబ్బాలో ఒక ఫ్రిక్షన్ కారు దొరికింది. దాని వెనక చక్రాలు తీసి వెర్నియర్‌తో కొలిచినా. వ్యాసం 30 మిల్లీమీటర్లు, మన కారు చక్రం 32. రంధ్రం 2.8, మన ఇరుసు 2. అంటే మధ్యలో ఒక గొట్టం ముక్క కావాల.

ఇక్కడ నేను తప్పు చేసినా, అది కూడా చెప్పాల. బాల్‌పెన్ రీఫిల్ ముక్క కోసి, లోపల పెట్టి, ఫెవిక్విక్ వేసినా. పిల్లోడు రిమోట్ నొక్కినాడు. కారు కుడిపక్కకి తిరిగిపోయింది. పది అడుగులు పోయినాక ఇరుసు తిరుగుతోంది, చక్రం మాత్రం తిరగడం లేదు. వాడి మొహం చూడలేకపోయినా.

రెండు కారణాలు. ఒకటి, రీఫిల్ గొట్టాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. ఆ ప్లాస్టిక్‌కి ఈ జిగురు పట్టదు. రెండోది, ఈ కారుకి డిఫరెన్షియల్ లేదు, రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి. 32 చక్రం ఒక చుట్టుకి సుమారు 100 మిల్లీమీటర్లు పోతుంది, 30 చక్రం 94. ప్రతి చుట్టుకీ 6 మిల్లీమీటర్ల తేడా, అందుకే చిన్న చక్రం వైపు లాగుతుంది. అంటే వెనక చక్రాలు ఎప్పుడూ జతగా మార్చాల.

రెండోసారి సరిగ్గా చేసినాం. మా ఇంట్లో చెడిపోయిన రేడియో ఏరియల్ ఉంది. లాగితే పొడవయ్యే ఏరియల్‌లో ఒక గొట్టం లోపల ఇంకో గొట్టం ఉంటుంది గదా. బయట కొలత 3 ఉన్న గొట్టం లోపల మన 2 మిల్లీమీటర్ల ఇరుసు కొంచెం వదులుగా దూరింది. మూడు మూలల ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరిస్తే చాలు. హబ్ లోతు 6 మిల్లీమీటర్లు, అంతే పొడవు ముక్కలు రెండు. అంచుల్లో ముళ్లు లేకుండా రుద్దండి.

చక్రం రంధ్రాన్ని 3 మిల్లీమీటర్ల బిట్‌తో, చేతితో తిప్పే డ్రిల్లుతో, నిదానంగా పెద్దది చెయ్యండి. మేకు కాల్చి గుచ్చొద్దు, రంధ్రం కోడిగుడ్డు ఆకారం అవుతుంది, పొగ కూడా మంచిది కాదు. ఇరుసునీ గొట్టాన్నీ ఎమరీ కాగితంతో గరుకు చెయ్యండి. జిగురు వేసే ముందు ఇరుసు గేర్‌బాక్సులోకి పోయేచోట కొంచెం గ్రీజు పుయ్యండి, అక్కడికి జిగురు జారినా పట్టుకోదు.

జిగురు ఆరేలోపల చక్రం వంకర చూడాల. సైకిల్ షాపులో రిమ్ము పక్కన సుద్దముక్క పెట్టి తిప్పుతారు చూడండి, అదే పద్ధతి. పెన్సిల్ మొన రిమ్ముకి ఆనించి తిప్పితే, ఎక్కడ తగిలితే అక్కడ లోపలికి నొక్కాల. ఈ పని పిల్లోడే చేసినాడు, నేను జిగురు మాత్రం వేసినా. పిలకాయల చేతికి ఆ జిగురు ఇవ్వొద్దండీ. నూలు గుడ్డ మీద ఎక్కువగా పడితే వేడెక్కి కాలుతుంది కూడా.

ఇంకో మాట. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మనం మార్చిన బొమ్మని ఎవరూ పరీక్ష చెయ్యలేదు, అది గుర్తు పెట్టుకోండి. మూడేళ్ల లోపు పిల్లలుండే ఇంట్లో ఇట్లాంటివి ఇవ్వొద్దు, ఊడిన ముక్క నోట్లో పెట్టుకుంటారు.

రాత్రంతా ఆరనిచ్చి పొద్దున నడిపినాం. నేరుగా పోయింది. వెనక 2 మిల్లీమీటర్లు చిన్న చక్రాలు కాబట్టి ముందుభాగం రవ్వంత పైకి లేచినట్టుంది, అంతే. సాయంత్రం వాళ్ల నాయన వచ్చినాడు. పిల్లోడు భయపడలేదు, చీలిన హబ్‌ని జేబులోనుంచి తీసి ఆయనకి చూపించి, మొత్తం వాడే వివరించినాడు. ఆయన చక్రం రెండుసార్లు తిప్పి చూసి, "సరేలేరా, ఇంగ ఆడుకో పో" అన్నాడు.

మీ ఇంట్లో చక్రం ఊడిన కారు ఉంటే పారెయ్యకముందు ఒకసారి హబ్ చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.