గిటారు వాల్వు ఆంప్లిఫయరు: పాతదా, కొత్తదా?



రేడియో యనగా వాల్వుల రేడియోయే యని యెఱిగిన తరము వారు ఈ సంఘమునందు ఇంకను కొందఱు కలరు. మీట త్రిప్పిన తక్షణమే అది పలికెడిది కాదు. అర నిమిషము నిశ్శబ్దము. పిదప వెనుక అట్టలోని రంధ్రములగుండ నారింజ వన్నె వెలుగు. అటుపిమ్మట నిద్ర మేల్కాంచినట్లు మెల్లమెల్లగా విజయవాడ కేంద్రము. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు ట్రాన్సిస్టరు పుట్టెను. తదుపరి ముప్పది యేండ్లలో ఆ వెలుగు మన యిండ్లనుండి దాదాపుగా నిష్క్రమించెను. చౌకయైనది, తేలికయైనది, వేడెక్కనిది వచ్చినపుడు బరువైనదియు, పగులునదియు తొలగిపోవుట లోకసహజము.

ఒక్క వాద్యము మాత్రము ఈ లోకసహజమునకు లొంగలేదు. అది విద్యుద్గిటారు. నేటికిని ఆ వాద్యకారులలో పెక్కుమంది వాల్వుల ఆంప్లిఫయరునే కోరుదురు; కోరుటయే కాదు, అరువది యేండ్లనాటి దానికొఱకు వెదకి వేసారుదురు. మన ఉద్యోగుల బిడ్డలలో గిటారు నేర్చువారు నేడు తక్కువ కాదు. మొదటి జీతమో, కూడబెట్టిన సొమ్మో చేతబట్టుకొని పాత నమూనా కొనవలెనా, అధునాతనమైనది కొనవలెనా యని తర్జనభర్జన పడు యువకునికి ఇంటి పెద్దలు చెప్పగల సమాధానము సాధారణముగా ఒక్కటే: "ఆ పెట్టె యేదైన నేమిరా?" ఏదైన నేమి యనుటకు వీలులేదనుటయే ఈ ప్రసంగ విషయము.

వీణను తలంచుడు. తీగను మీటినపుడు పుట్టు ధ్వని మిక్కిలి సన్నము. దానికి నిండుదనము నిచ్చునది పనసకఱ్ఱతో తొలిచిన కుండ. బొబ్బిలి వీణకు ఆ పేరు వచ్చినది తీగలవలన కాదు, కఱ్ఱపనివలన. విద్యుద్గిటారునకో, కుండ లేదు. అది గట్టి చెక్కపలక. తీగ కదలికను అయస్కాంతపు చుట్ట యొకటి గ్రహించి కొలదిపాటి విద్యుత్తుగా మార్చి తీగగుండ పంపును. ఆ విద్యుత్తును పెంచి స్పీకరునకు అందించు యంత్రమే దాని కుండ. కనుక రేడియోలో ఆంప్లిఫయరు వార్తాహరుని వంటిది. తన మాట కలుపరాదు. గిటారునకు అది వాద్యములో సగపాలు; తన మాట కలిపియే తీరవలెను.

వాల్వు చరిత్ర సంగ్రహముగా చెప్పదగినది. 1904లో ఇంగ్లండునందు ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును, 1906లో అమెరికాయందు లీ డి ఫారెస్టు మూడు ధ్రువముల వాల్వును నిర్మించిరి. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో వేడెక్కిన లోహమునుండి ఎలక్ట్రానులు వెలువడి, నడుమనున్న జల్లెడవంటి తీగలను దాటి, అధిక వోల్టులుగల ప్లేటును చేరును. ఆ జల్లెడకు అందిన స్వల్పమైన మార్పు ప్లేటువద్ద పెద్ద మార్పుగా పరిణమించును. మడిగట్టున తలుపుచెక్క నొక అంగుళము లేపిన రైతు, కాలువనీటి నంతయు శాసించినట్లు.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయుచుండిన లియో ఫెండరు 1946లో తన వాద్యపరికరముల సంస్థను స్థాపించెను. విశేషమేమనగా ఆయనకు గిటారు వాయించుట రాదు. వాయించువారి మాటలను శ్రద్ధగా వినుట మాత్రము వచ్చును. ఆయన 1952లో బేస్ గిటారు కొఱకు తెచ్చిన బాస్‌మన్ అను ఆంప్లిఫయరు క్రమముగా మార్పులు చెంది, 1950ల చివరకు నాలుగు పదంగుళముల స్పీకర్లతో రూపొందెను. దానిని బేస్ వారికంటె గిటారువారే హెచ్చుగా ఆదరించిరి. లండనునందు డ్రమ్ముల దుకాణము నడుపుచుండిన జిమ్ మార్షలు, ఆ అమెరికను యంత్రము సీమలో ప్రియముగా నుండుటచే, దాని వలయమునే ఆధారము చేసికొని 1962లో జె.టి.ఎం.45 అను దానిని తన మనుషులచే చేయించెను. అదే కాలమున కెంటు మండలములోని డార్ట్‌ఫర్డునుండి వాక్స్ ఎ.సి.30 వెలువడెను, బీటిల్సు బృందము తొలినాళ్ళలో వాయించినది దానితోడనే. నేడు ప్రాచీనము లని పిలువబడువానిలో సింహభాగము ఈ మూడు కుటుంబముల సంతానమే.

ఈ నిర్మాతలు కోరినది స్వచ్ఛమైన ధ్వని. యంత్రమును దాని శక్తికి మించి పెంచినచో నాదము చెదరును. తరంగపు శిఖరములు నున్నగా చదునగును. క్రొత్త అనుస్వరములు పుట్టును. ఇంజనీరునకు అది దోషము. వాద్యకారునకు అది గుణమయ్యెను. ఏలయన వాల్వు ఒక్కసారిగా తెగినట్లు చెదరదు, క్రమముగా చెదరును. మెల్లగా మీటిన స్వచ్ఛముగా పలుకును, గట్టిగా మీటిన గరగరలాడును. గాయకుని గొంతు ఆవేశమున జీరవోయినట్లే. 1966లో జాన్ మేయాల్ బృందముతో ఎరిక్ క్లాప్టన్ వాయించిన రికార్డునందు మార్షలు ఆంప్లిఫయరు పూర్తిగా పెంచబడి యుండుటచే పుట్టిన నాదము, ఆ తరువాతి తరమువారి కొక గీటురాయి యయ్యెను.

పాతదాని స్వభావ మిందులోనే కలదు. మీటలు నాలుగో అయిదో. సాధారణముగా చానలును కాలితో మార్చు వసతి యుండదు. నాదము చెదరుట ప్రధానముగా చివరి పెద్ద వాల్వులవద్ద, ట్రాన్స్‌ఫార్మరువద్ద, స్పీకరువద్ద జరుగును గనుక, ఆ నాదము కావలెనన్న బిగ్గరగా వాయింపక తప్పదు. పెక్కింటిలో విద్యుత్తును ఏకముఖము చేయు పనియు వాల్వుదే యగుటచే, గట్టిగా మీటినపుడు వోల్టులు క్షణకాలము క్రుంగి తిరిగి లేచును. ఆ క్రుంగుబాటును వ్రేళ్ళు కనిపెట్టును. గిటారుమీది మీటను తగ్గించి స్వచ్ఛముగాను, పెంచి తీవ్రముగాను వాయించుట ఆ వాద్యకారుని విద్య.

అధునాతన మార్గమునకు ఆద్యులలో ముఖ్యుడు కాలిఫోర్నియావాసి ర్యాండల్ స్మిత్తు. ఫెండరువారి చిన్న ఆంప్లిఫయరు పెట్టెలలోనే మిక్కిలి శక్తిమంతమైన వలయమును ఇమిడ్చి, 1970ల తొలినాళ్ళకు ముందుభాగపు చిన్న వాల్వులను ఒకదానివెంట నొకటి గొలుసుకట్టుగా అమర్చెను. మొదటిచోటనే నాదము చెదరును. చివర నొక మీట మొత్తము బిగ్గరతనమును శాసించును. 1975లో మార్షలువారును అట్టి ప్రధానపు మీటగల నమూనాను తెచ్చిరి. తరువాత రెండు మూడు చానళ్ళు, కాలితో త్రొక్కు మీటలు, ప్రతిధ్వని పరికరములను నడుమ కలుపుటకు ద్వారములు వచ్చినవి. 1990లనాటికి ఇది వేఱొక జాతియే యయ్యెను. స్వచ్ఛమైన పల్లవి ముగియగానే ఒక్క త్రొక్కుతో పిడుగువంటి చరణము నెత్తుకొనవచ్చును. లోపమనదగిన దేమనగా, చిన్న వాల్వుల చెదరుడు చిక్కగా, సూదిమొనవలె నుండును. పెద్ద వాల్వులును స్పీకరును కలిసి ఊపిరి తీయునట్టి అనుభూతి తక్కువ. మీటలు ఇరువది యున్నచోట వాయించు గంటలో అరగంట త్రిప్పుటకే చెల్లుట మఱియొక లోపము.

ఇక కొనువాని సంగతి. ఢిల్లీలోనో, హైదరాబాదులోనో సర్కారు క్వార్టర్సులో రెండు గదుల యింట నుండువాడు వాట్లను చూచి మోసపోరాదు. 100 వాట్ల యంత్రము 50 వాట్లదానికంటె 3 డెసిబెల్సు మాత్రమే హెచ్చు. చెవికి రెండింతలుగా తోచవలెనన్న సుమారు పదింతల వాట్లు కావలెను. అనగా 5 వాట్లది 50 వాట్లదానిలో సగము బిగ్గరగా వినబడును! ఫెండరువారి డీలక్స్ రివర్బు 22 వాట్లదే; దానిని పూర్తిగా పెంచినచో పైయంతస్తు సెక్షనాఫీసరుగారు క్రిందికి దిగివచ్చుట తథ్యము. చెవుల సంగతి అంతకంటె గొప్పది. 85 డెసిబెల్సు ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెల్సునకు ఆ గడువు సగమగు ననియు అమెరికా వృత్త్యారోగ్య నిపుణుల సిఫారసు. ఆ లెక్కన 100 డెసిబెల్సునకు గడువు పావుగంట. పోయిన వినికిడి తిరిగి రాదు. కనుక పెద్ద వాల్వుల చెదరుడే కావలె ననువాడు చిన్న యంత్రమును ఎంచుకొనవలెను, పేరుగన్న పెద్దదానిని కాదు.

పాతవస్తువుమీది మోజుతో అమెరికానుండి అసలు 1960లనాటి యంత్రమునే తెప్పింతు ననువారికి మాత్రము కొంత విపులముగా చెప్పవలసి యున్నది. ఇది ప్రాణముతోడి వ్యవహారము.

మన ఇండ్లలో 230 వోల్టులు, 50 ఆవృత్తులు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. వోల్టులను తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు బజారున దొరకును. కాని అది ఆవృత్తులను మార్చజాలదు. 60 ఆవృత్తులకు సరిగా సరిపోవునట్లు చేసిన యినుపగుండె 50 వద్ద అయిదవవంతు హెచ్చు అయస్కాంతభారమును మోయవలెను, వేడెక్కును. పాతవైన మార్షలు, వాక్సు యంత్రములకు ఈ చిక్కు తక్కువ, ఏలయన బ్రిటను విద్యుత్తును మన విద్యుత్తును ఒకే తీరువి. ఈ చిన్న విషయమును అమ్మువాడు చెప్పడు.

రెండవది, భూమి తీగ. 1960లనాటి అమెరికను యంత్రములలో పెక్కింటికి ప్లగ్గుకు రెండే కాళ్ళు. లోహపు చట్రమునకును మెయిను తీగలలో నొకదానికిని నడుమ ఒక కెపాసిటరు. గుఱగుఱధ్వని తగ్గుటకై పెట్టినదే యైనను, అది చెడిపోయినచో చట్రమున కంతటికిని విద్యుత్తు వచ్చును. గిటారు తీగలు ఆ చట్రముతో కలిసియే యున్నవి. ఎడమచేయి తీగలపైన, పెదవులు మైక్రోఫోనుపైన! ఆ కెపాసిటరునకు పాశ్చాత్య మెకానికులు పెట్టిన పేరులోనే మృత్యువున్నది. స్టోన్ ద క్రోస్ అను బృందపు గిటారువాదకుడు లెస్లీ హార్వే 1972 మే 3న వేల్సులోని స్వాన్సీ నగరమున రంగస్థలముపై, భూమితీగ సరిగా లేనందున, మైక్రోఫోను తాకి మరణించెను. పాత యంత్రము కొన్నవాడు మొదట చేయవలసిన పని మూడుకాళ్ళ ప్లగ్గు వేయించి ఆ కెపాసిటరును తీయించుట. అటుపిమ్మటనే సరస్వతీ నమస్కారము. లోపలి వోల్టులు 400కు పైబడి యుండును. ప్లగ్గు పెఱికిన పిదపకూడ పెద్ద కెపాసిటర్లలో అవి నిలిచియుండును గనుక, వెనుకపలక విప్పుట ఎఱిగిన మెకానికు పని, ఇంటివారిది కాదు. ఆ పెద్ద కెపాసిటర్లుకూడ ఇరువది యేండ్లకు ఎండిపోవును. వానిని మార్పింపని పాత యంత్రము తక్కువ వెలకు వచ్చిన దనుకొనుట భ్రమ.

వాల్వుల లభ్యతయు పరిశీలింపదగినది. ఒకప్పుడు బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సు వారు 1960ల తొలినాళ్ళనుండి రేడియో వాల్వులను చేసిరి. అది గతించినది. నేటి గిటారు వాల్వులు ముఖ్యముగా రష్యా, స్లొవాకియా, చైనా దేశములనుండి వచ్చుచున్నవి. 2022 మార్చిలో రష్యానుండి ఎగుమతులు నిలిచిన వను వార్త పుట్టగానే వాద్యలోకమంతయు కలవరపడినది. తరువాత సరకు వచ్చినను ధరలు మునుపటివలె లేవు. పాత నమూనాలో నాలుగైదు మొదలు తొమ్మిది పది వఱకు వాల్వులుండును. అధునాతనమైన బహుచానళ్ళ యంత్రములో కొన్నింట అంతకంటె హెచ్చు. పైగా పాతదానిలో తీగలు చేతితో అతికినవి, విప్పి అతుకవచ్చును. కొత్తదానిలో అచ్చుపలకలు, రిలేలు. కొన్నింట వాల్వుల గూళ్ళే పలకపై నుండి వేడికి అతుకులు వీడును. ఊరి రేడియో మెకానికునకు పాతది అర్థమగును, కొత్తది కాకపోవచ్చును.

కావున మధ్యేమార్గ మొకటి మంచిదిగా తోచును: పాత వలయమును నేడు చేసినది. ఫెండరువారే 1990లో బాస్‌మన్‌ను తిరిగి వెలువరించిరి. నేడు అట్టివి పెక్కు. మూడుకాళ్ళ ప్లగ్గు, 230 వోల్టుల నమూనా, పూచీపత్రము అన్నియు నుండును. ఇంటివద్ద బ్లూస్, జాజ్, పాత చిత్రగీతములు వాయించువానికి 5 మొదలు 15 వాట్లలోపు అట్టిది చాలును. వారాంతమున కచేరీలుచేయు బృందముతో ఒకే రాత్రి పది తీరుల పాటలు వాయించువానికి అధునాతనమైనదే తగును. వానికి పాతదానిని అంటగట్టుట మొండితనము. అసలు ప్రాచీన యంత్రము సేకరించువారి సరదా.

ఇంకొక తెగవారు కలరు, వారికి చెదరిన నాదముతో పనియే లేదు. పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాసు విద్యున్మాండొలినుపై కర్ణాటక రాగములను పలికించి చూపిన తరువాత, గిటారుపై గమకములను సాధించువారును బయలుదేరిరి. గమకమున స్వరము జారునపుడు చెదరుడు కలిగినచో రాగమే చెదరును. వారికి కావలసినది మిగులు శక్తిగల స్వచ్ఛమైన యంత్రము. ట్విన్ రివర్బువంటి పాతతీరు 85 వాట్లది అందుకు ప్రశస్తమే గాని, బరువు 29 కిలోలు. ఆటోరిక్షా యెక్కించునపుడు కళాపోషణ కంటె నడుమునొప్పి ముందు జ్ఞప్తికి వచ్చును.

దుకాణమునకు పోవువారు తమ గిటారును తామే తీసికొనిపోవలెను. దుకాణము గిటారుతో విన్నది ఇంటిలో వినబడదు. యంత్రమును పదినిమిషములు వేడెక్కనిచ్చి, ఇంటిలో పెంచగలిగినంత మాత్రమే పెంచి వినవలెను. తీగలు తాకకయుండగా గుఱగుఱ యెంత కలదో గమనింపవలెను. ఏ మీటయైన త్రిప్పునపుడు చిటపటలాడునా, పెట్టెను పిడికిలితో తట్టిన వాల్వు గంటవలె మ్రోగునా చూడవలెను. స్పీకరు తీగ తగిలించకయే వాల్వు ఆంప్లిఫయరును వాయించినచో అందలి ఖరీదైన ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును గనుక, మీట వేయుటకు ముందు ఆ తీగను ఒకమాఱు చేతితో తడవి చూచుట అలవరచుకొనవలెను. వేడిగానున్న వాల్వులతో పెట్టెను కదలించరాదు. చల్లారువఱకు ఆగి మోయవలెను, ఇద్దఱు కలిసి.