ఇంటి కుక్క బలిసినదా? చిక్కినదా?



ఎద్దును కొనుటకు సంతకు పోయినవాడు దానిని దూరమునుండి చూచి బేరమాడడు. దగ్గరకు పోయి, వీపు నిమిరి, ప్రక్కటెముకలపై చేయివేసి, తొడ నొక్కి చూచి, అటుపిమ్మటనే ధర యడుగును. ఈ విద్య మన పెద్దలకు వేరొకరు నేర్పవలసినది కాదు. కాని మన వాకిట పండుకొని మన యిల్లు కాచు కుక్క విషయమున మాత్రము దీనిని వినియోగింపము. "మా కుక్క బొద్దుగా నున్నది, మా యింట తిండికి లోటు లేదు" అని సంతసింతుము. ఆ బొద్దుతనమే దాని యాయువును తగ్గించునని చెప్పుటకు నేడు మీ యెదుటికి వచ్చితిని.

ఇది నా యూహ కాదు. 2002వ సంవత్సరమున అమెరికా దేశపు పశువైద్యుల పత్రికలో నొక పరిశోధన వెలువడినది. లాబ్రడార్ జాతి కుక్కపిల్లలను 48 తీసికొని, ఒకే యీత పిల్లలను జతలుగా చేసి, జతలో నొకదానికి రెండవదానికంటె నాలుగవ వంతు తక్కువ తిండి పెట్టుచు, జీవితాంతము గమనించిరి. తక్కువ తిన్నవి నడిమి లెక్కను 13 ఏండ్లు బ్రతికినవి. ఎక్కువ తిన్నవి 11 ఏండ్ల చిల్లర మాత్రమే. కీళ్లజబ్బును వీనికే ముందుగా సోకినది. కుక్క బ్రతుకులో దాదాపు రెండేండ్లనగా ఎంతటి భాగమో మీరే లెక్కింపుడు.

ఇక పరీక్షించు విధము. కుక్కను నిలువబెట్టి, రెండు చేతులను దాని ప్రక్కటెముకలపై నుంచి, గట్టిగా నొక్కక నిమురవలెను. ఎట్లుండిన మేలో తెలియుటకు మీ చేయియే కొలబద్ద. ఎడమచేతిని చాచి, దాని వెనుకవైపును కుడిచేతి వ్రేళ్లతో తడిమి చూడుడు. పలుచని చర్మము క్రింద ఎముకలు వేరువేరుగా తెలియును. ప్రక్కటెముకలును అట్లే తెలిసిన కుక్క సరిగా నున్నది. పిడికిలి బిగించి కణుపులపై వ్రేలు పోనిచ్చినట్లు మొనదేలి తగిలిన, చిక్కినది. అరచేతిని తడిమినట్లు మెత్తగా నుండి, వెదకినగాని ఎముక దొరకకున్న, బలిసినది. పిమ్మట పైనుండి చూచిన, ప్రక్కటెముకల వెనుక నడుము కొంచెము లోనికి పోయి యుండవలెను. ప్రక్కనుండి చూచిన, రొమ్ముకంటె కడుపు పైకి లేచి యుండవలెను. పశువైద్యులు ఈ లక్షణములనే 9 మెట్లుగా విభజించి, 4, 5 మెట్లలో నున్న కుక్కను ఆరోగ్యవంతమైనదిగా నెంచుదురు.

కన్నును మాత్రము నమ్మరాదు. ఒత్తుబొచ్చు క్రింద చిక్కిన యొడలును దాగును, బలిసిన యొడలును దాగును. ముధోళపు వేటకుక్కకో, ఎముకలు కొంచెము కంటికి కనుపించుటయే సహజము. దానిని చూచి జాలిపడి నేతియన్నము పెట్టువారు మేలు చేయుచున్నామనుకొందురు!

మా వీధిలో నొక గృహస్థుని కుక్క ఎనిమిదవ యేటనే అరుగెక్కలేకపోయినది. ముసలితనమని వారనుకొనిరి. నేను చేయివేసి చూడగా ప్రక్కటెముకలు చేతికి దొరకలేదు. "ఏమి పెట్టుచున్నారు?" అని యడిగితిని. "ఏమున్నదండీ అయ్యవారూ, రాత్రి గుప్పెడు పెరుగన్నమే" అని యాయన యనెను. లోపలనుండి కోడలు, తాను ఉదయము పాలు పోయుచున్నానని చెప్పినది. పిల్లలు బిస్కత్తుల మాట చెప్పిరి. ఇడ్డెనల సంగతి కొడుకు చివరకు ఒప్పుకొనెను. ఎవరికి వారు తామొక్కరే పెట్టుచున్నామనుకొనుచుండిరి. కుక్క మాత్ర మెవరికిని లెక్క చెప్పలేదు. అది ఎక్కువ తినగలదు, కొంచెముతోను తృప్తిపడగలదు అని చాణక్యుని పేర నున్న నీతిగ్రంథము చెప్పుచున్నది. కావున అది తోక యాడించుచు మన ముఖము వంక చూచుట ఆకలికి గురుతు కానేరదు.

పశువైద్యుని యడిగి, తిండికొక గిన్నె, పెట్టుట కొక మనిషి అని వారు నియమించుకొనిరి. తిండిని ఒక్కమారుగా కాక క్రమముగా తగ్గించిరి. పదునైదు దినముల కొకమారు ఆయన కుక్కను ఎత్తుకొని ధాన్యపు కాటాపై నిలిచి, తన బరువును తీసివేసి లెక్క వ్రాసికొనెను. కొన్ని నెలలకు ఎముకలు చేతికి తగిలినవి, కుక్క అరుగెక్కినది. పిల్లలు పుట్టకుండ శస్త్రము చేయించిన కుక్కకు తిండి యవసరము తగ్గునని కూడ వైద్యుడు వారికి చెప్పెను.

చిక్కిన కుక్కకు తిండి పెంచుటయే మందని యెంచవలదు. కుక్కపిల్లకు ఎముకలు తేలి కడుపు మాత్రము ఉబ్బియున్న, తరచుగా అది కడుపులోని పురుగుల పని. చక్కగా తినుచునే చిక్కిపోవు కుక్కను, కడుపు హఠాత్తుగా ఉబ్బిన కుక్కను వెంటనే వైద్యునికి చూపవలెను.

పిల్లిని గూర్చి యొక్క మాట. నడచునప్పుడు దాని పొట్టక్రింద వ్రేలాడు చర్మము సహజమైనదే. దానిని చూచి బలిసినదని తీర్మానింపక, ఎముకలనే తడిమి చూడుడు. నిజముగా బలిసిన పిల్లిని మాత్రము పస్తుంచరాదు. కొలదిదినములు తిండి మానినను దాని కాలేయమున క్రొవ్వు చేరి ప్రాణాపాయము కలుగును. దానికిని వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గింపవలసినదే.