నివురుగప్పిన నిప్పు



తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, విద్య ముగించి గృహోన్ముఖుడగు శిష్యునకు సత్యమును ధర్మమును బోధించిన గురువు, ఆ వెంటనే క్షేమవిషయమున ఏమఱవలదని కూడ హెచ్చరించెను. మొదటి రెంటిని చెప్పుటకు ఈ వేదికపై నాకంటె పెద్దలున్నారు. నేను ఆ మూడవదానిని గూర్చి, అందును రేపు స్నాతకులగు మీరు అద్దెకు తీసికొనబోవు ఇంటిలోని నిప్పును గూర్చి, ప్రసంగించెదను.

2006 డిసెంబరులో ఈ అమెరికా దేశపు సియాటిల్ ప్రాంతమున పెనుగాలి వీచి లక్షలాది గృహములు చీకటిపాలైనపుడు, చలికి తాళలేక కొందఱు పెరటిలోని బొగ్గుపొయ్యిని ఇంటిలోనికి తెచ్చుకొనిరి. కొందఱు గరాజులో జనరేటరు నడిపిరి. ఆ ప్రాంతపు కింగ్ కౌంటీలో వానినుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు అను వాయువు సోకి 8 మంది మరణించిరి, 200 మందికి పైగా ఆసుపత్రుల పాలైరి. బాధితులలో అధికసంఖ్యాకులు మనవలెనే సముద్రములు దాటి వచ్చినవారు. వారిని అజ్ఞులనుటకు నాకు నోరు రాదు. బాలింత మంచము క్రింద కుంపటి పెట్టిన మన అమ్మమ్మ అజ్ఞురాలా? నివురుగప్పిన ఆ నిప్పున పొగ లేదు గనుక కీడును లేదని ఆమె నమ్మినది; ఆమెను కాపాడినది మాత్రము ఆ నమ్మకము గాదు, పెంకుల సందులనుండి వచ్చిపోవు గాలి. చలికి వెఱచి గాలి చొరకుండ బిగించిన ఈ దేశపు ఇంటికి ఆ సందులు లేవు.

రంగును వాసనయు లేని ఈ వాయువు రక్తములోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలనొప్పియు వికారమును కలిగినవాడు పడిసెమనుకొని దుప్పటి కప్పుకొని పరుండును. అట్లు పరుండి లేవనివారున్నారు. టెన్నిస్ క్రీడాకారుడు వీటస్ గెరులైటిస్ 1994లో లాంగ్ ఐలండున మిత్రుని అతిథిగృహములో మరణించుటకు కారణము, ఈతకొలనునకు సరిగా అమర్చని హీటరు.

పొగను పసిగట్టు అలారము ఈ వాయువును పసిగట్టజాలదు. దీనికి వేఱొకటి కావలెను. గాలిలో ఈ వాయువు పదిలక్షలకు 400 పాళ్లు చేరినచో అది 15 నిమిషములలోపుననే మ్రోగును. అర్ధరాత్రి బ్యాటరీ నీరసించి అది కిచకిచలాడినపుడు, కుర్చీ యెక్కి బ్యాటరీ ఊడదీసి, ఉదయమున క్రొత్తది వేయుదమనుకొని మఱచువారు మనలో ఎందఱో. నా మొదటి శీతకాలమున నేనును ఆ పనియే చేసి, మంచు కరగువఱకు దానిని సొరుగులోనే ఉంచితిని.

కావున క్రొత్త యింట పాలు పొంగించుటకు ముందే, పడకగది చెంత ఆ అలారమున్నదో లేదో చూచి, మీట నొక్కి దాని మ్రోత వినుడు. అది నిజముగా మ్రోగిననాడు కిటికీలు తెఱచుచు కూర్చుండక, ఇంటిల్లిపాదియు వెలుపలికి వచ్చి 911కు ఫోను చేయుడు.