అచ్చుకు ముందు పరీక్ష

కొత్త మందు బాగా పనిచేస్తోందని ఓ డాక్టరు వ్యాసం రాసి వైద్య పత్రికకు పంపారనుకోండి. అది వెంటనే అచ్చు కాదు. ముందు సంపాదకుడు చదువుతారు. పనికిరాదనిపిస్తే అక్కడే తిప్పి పంపేస్తారు. నిలిచినదాన్ని అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు ఇస్తారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు.

రోగులను ఎలా ఎంచుకున్నారు? మందు ఇవ్వనివారితో పోల్చి చూశారా? మధ్యలో మానేసినవారిని లెక్కలో చూపారా? సమీక్షించే నిపుణులు ఇలా నిలదీస్తారు. చాలా పత్రికలు సమీక్షకుల పేర్లు రచయితలకు చెప్పవు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ మాత్రం 1999 నుంచి చెబుతోంది. రచయితలు ఒక్కో ప్రశ్నకూ జవాబు రాసి, వ్యాసం దిద్ది పంపాలి. తుది నిర్ణయం సంపాదకుడిదే.

అయినా పొరపాట్లు దొర్లుతాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు కోవిడ్ రోగులకు హాని చేస్తోందంటూ 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య పత్రిక ఓ వ్యాసం వేసింది. అందుకు ఆధారం 96 వేల మంది రోగుల వివరాలన్నారు. తర్వాత స్వతంత్ర తనిఖీకి అడిగితే, ఆ వివరాలు సమకూర్చిన సంస్థ అసలు డేటా ఇవ్వలేదు. జూన్ 4న వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.

సమీక్షకులు మామూలుగా వ్యాసాన్ని చూస్తారే తప్ప ఆసుపత్రి కేసు షీట్లు తిరగెయ్యరు. కాబట్టి ఏదో పత్రికలో వచ్చిందని మందులు మార్చుకోకండి, మీ డాక్టరును అడగండి.