పాతిపెట్టిన తలాంతు

 

ఈ దినము మన ధ్యానాంశము మత్తయి సువార్త 25వ అధ్యాయములోని తలాంతుల ఉపమానము. యజమానుడు తన దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించాడు. తలాంతు అంటే చిన్న సొమ్ము అనుకోవద్దు. ఆ కాలపు లెక్కలో సుమారు 6,000 దేనారములు. దినకూలి ఒక దేనారము. అంటే ఒక్క తలాంతు గలవాని చేతిలో కూడా 16 ఏండ్లకు పైబడిన కూలి ఉంది. దానిని వాడు గుంట త్రవ్వి దాచిపెట్టాడు. ఎందుకు? భయపడి.

రేపల్లె తాలూకా పల్లపట్లలో 1938లో జన్మించిన ఎస్. జానకి గారి స్వరము మీరెరుగుదురు. 1956లో ఆకాశవాణి పాటల పోటీలో ఆమెకు వచ్చినది రెండవ బహుమతి. మొదటిది రాలేదని ఆమె ఊరకుండలేదు. మరుసటి ఏడాదే సినిమాలలో పాడసాగారు. అనేక భాషలలో పాడి, నాలుగు పర్యాయములు జాతీయ పురస్కారము పొందారు. ప్రసంగములో సినిమా పాటల మాటేమిటని పెద్దలకు అనిపించవచ్చు. ఆ గొంతు ఇచ్చినది దేవుడే గదా! ఉపమానములో కూడా చూడండి, ఐదు తలాంతుల వానిని మెచ్చుకొన్న మాటలతోనే యజమానుడు రెండు తలాంతుల వానినీ మెచ్చుకొన్నాడు.

మన సంఘాలలో ఏమి జరుగుతోంది? ఇంట్లో బిడ్డను జోకొట్టేటప్పుడు ఎంతో కమ్మగా పాడే సహోదరి, ఆరాధనలో పాడమంటే "నాకేం వచ్చు అయ్యగారూ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొంటుంది. దీనిని అణకువ అంటారు. నేననను. వేటకు వెళ్లిన మనిషి తిరిగి రాని ఇల్లు ఒకటుంటుంది. దినాలు గడిచి, చుట్టాలు వెళ్లిపోయాక, ఆ తల్లికి వాక్యము చెప్పేవారుంటారు గాని, ప్రక్కన కూర్చుని మెల్లగా ఒక కీర్తన పాడేవారుండరు. పాడగలిగిన మనిషి మూడిళ్ల అవతలే ఉంది. ఆ తల్లికి రావలసిన ఆదరణ ఏ గుంటలో ఉన్నది?

వల ఎంత గట్టిదైనా చూరుకు వేలాడుతుంటే చేప పడదు. పాట ఒక్కటే కాదు సుమా. పిల్లలను నవ్వించే తాతగారు, పులుసు కమ్మగా కాచి పొరుగింటికి ఒక గిన్నె పంపే అమ్మ, చదువురాని వారికి బ్యాంకు కాగితము చదివిపెట్టే కుర్రవాడు, వీరందరి దగ్గరా తలాంతు ఉన్నది.

సహోదరీ, ఈ వారము ఆ ఇంటికి వెళ్లి రండి. శ్రుతి కుదురుతుందో లేదో అని చూడవద్దు. వెళ్లేటప్పుడు పాటల పుస్తకము మరచిపోవద్దు.