కొత్త సంవత్సరమునకు ప్రచారపు పద్దు



ఉగాదినాడు పంచాంగ శ్రవణమైన పిదప ఆదాయ వ్యయములను గూర్చి ఒకరినొకరు ఎగతాళి చేసికొనుట మన పల్లెలలో పరిపాటి. ఆదాయము రెండు, వ్యయము పదునొకండు అని వినినప్పుడు నవ్వనివాడుండడు. ఇంటికి వచ్చిన పిమ్మట మాత్రము రైతు తన పద్దు తానే చూచుకొనును. క్రిందటి యేడు ఏ చేను పండినది, ఏ విత్తనము మోసగించినది అని లెక్క వేసికొనును. వస్తువును చేసి అమ్ముకొనువారు ఆ వస్తువును గూర్చి లోకమునకు చెప్పు మాటల విషయమునను ఇట్టి పద్దొకటి ఉంచుకొనవలెనని నా మనవి.

నేను నివసించునది హైదరాబాదులోని కృష్ణానగర్. అది జూబిలీహిల్సునకు దిగువన, యూసుఫ్‌గూడ ప్రక్కన ఉన్న ఇరుకు సందుల పేట. చలనచిత్రములలో చిన్న వేషములు వేయువారు, దీపములు మోయువారు, సహాయ దర్శకులు ఇచట గదులు అద్దెకు దీసికొని కాలము గడుపుచుందురు. చిత్రములకు ప్రచారపు వ్రాతలు వ్రాయుట నా వృత్తి.

ప్రచారము రెండు విధములు. “మా సరకు కొనుడు” అని కేకవేయుట ఒకటి. కొనినను కొనకున్నను వినువానికి పనికివచ్చు మాటయో, మనసుకు హాయియో ముందుగా ఇచ్చి, పిదప సరకును జ్ఞప్తికి దెచ్చుట రెండవది. ఈ రెండవదానిని నేటి వర్తకులు కంటెంట్ మార్కెటింగ్ అనుచున్నారు. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టించిరని ప్రతీతి. తలనొప్పి తగ్గినవాడు మరునాడు అంగడిలో దానినే అడుగును గదా! ఆయన 1908లో ఆరంభించిన ఆంధ్రపత్రిక దేశసేవకై పుట్టినదే గాని మందు అమ్మకమునకు గాదు. అయినను దాని ఉగాది సంచికల నుండి మనము నేర్వదగినది యొకటున్నది. ఫలానా దినమున వచ్చునని తెలిసిన దానికొరకు మనుజుడు ఎదురుచూచును.

సినిమా పాటల పుస్తకములు మీలో పెద్దలకు జ్ఞాపకముండక మానవు. కొలది అణాలకు హాలు గుమ్మమున అమ్మెడివారు. పలుచని కాగితము, చెదరిన సిరా. లోపల పాటలన్నియు నుండును. కథ మాత్రము సగమే యుండును. నాయిక ఆపదలో పడగానే, తరువాయి వెండితెరపై చూడుడని ముగించెడివారు! ఆట చూడనివారు సైతము ఆ పుస్తకమును ఇంట దాచుకొని పాటలు పాడుకొనెడివారు. బండి గట్టి, డప్పు వాయించి విసరిన రంగుకాగితములు సాయంకాలమునకు మురుగుకాలువలో నుండెడివి; పాటల పుస్తకము మాత్రము ట్రంకుపెట్టెలో చీరల క్రింద భద్రముగా నుండెడిది. నా వృత్తిరహస్యమంతయు ఇంతకన్న ఎక్కువ లేదు.

ఇటీవలి ఉదాహరణము చెప్పెదను. ‘అల వైకుంఠపురములో’ అను చిత్రము 2020 జనవరి 12న సంక్రాంతికి విడుదలయ్యెను. ‘సామజవరగమన’ అను పాటను మాత్రము 2019 సెప్టెంబరులోనే యూట్యూబులో వినిపించిరి. అక్టోబరులో ‘రాములో రాములా’, డిసెంబరులో ‘బుట్టబొమ్మ’ వచ్చెను. ఒక పాట నోట నానిన పిదప మరియొకటి. పండుగ నాటికి పాటలు ఇంటింట తెలిసినవే. పాటలు బాగుండుటయే మొదటి కారణము, సందేహము లేదు. కాని ఆ పాటలనే కడపటి వారమున కుప్పగా గ్రుమ్మరించినచో ఏమగునో ఊహించుకొనుడు. కృష్ణానగర్‌లో అట్లు చేసిన చిన్న నిర్మాత నొకని నేనెరుగుదును. విడుదలకు ముందు వారమున డబ్బంతయు వెదజల్లి, చూచినవారి సంఖ్యను గూడ కొనితెచ్చుకొనెను. ఫోనులో లక్షలు కనబడెను. మొదటి ఆటకు హాలులో కుర్చీలు లెక్కపెట్టుకొనవచ్చును.

ఇది సినిమావారి గొడవ, మాకెందుకు అందురేమో. క్రిందటి మాసమున పోచంపల్లి వైపునుండి ఒక చేనేత సంఘపు పెద్దలు మువ్వురు నా గదికి వచ్చిరి. సంఘపు బీరువాలో చీరలు నిలిచిపోయినవి. ఇక్కత్ నమూనాను అచ్చు వేసిన గుడ్డ బజారులో చౌకగా దొరకుచున్నది. కొనువారికి భేదము తెలియదు. నేత పని నేర్చిన పిల్లలు కొందరు మగ్గములు విడిచి, వేషములకై ఈ కృష్ణానగర్‌కే వచ్చి చేరినారు. “అయ్యా, మేము రోజుకొక బొమ్మ ఫోనులో పెట్టుచునే యున్నాము, చూచువారు చూచుచున్నారు, కొనువారు లేరు” అని వారిలో పెద్దాయన చెప్పెను.

మొదట పాత పద్దు చూచితిమి. ఏడాది పొడుగున వారు పెట్టినవి చీరల బొమ్మలు, పండుగ శుభాకాంక్షలు. దాదాపు అన్నియు ఒక్క తీరే. అందులో ఒక్కదానికి మాత్రము జనులు ప్రశ్నలు వ్రాసిరి. ఒక ముసలమ్మ ఆసు పోయుచుండగా మనుమడు తీసిన చిత్రమది. ఆసు పోయుట యనగా ఒక్కొక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి త్రిప్పుట. ఆ బాధ చూడలేకయే ఆలేరు వాసి చింతకింది మల్లేశముగారు తల్లి కొరకు 1999లో ఆసు యంత్రమును కనిపెట్టిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. 2019లో వారి కథ చలనచిత్రమైనది. సినిమావారు వెదకికొని వచ్చిన కథ తమ వాకిట నుండగా ఈ పెద్దలు శుభాకాంక్షలు పంపుచు కూర్చుండిరి!

దినమున కొకటి వలదంటిని. పక్షమున కొకటి చాలును. అమావాస్యనాడు మగ్గములకు సెలవు గనుక ఆనాడు చిత్రము దీయవచ్చును. ఏమి తీయవలెనన్నది కొనువారే చెప్పుదురు. వచ్చిన ప్రతి ప్రశ్నను ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చిత్రము. అచ్చుగుడ్డను గుర్తించు టెట్లు? నూలును నేయకముందే ముడులు గట్టి రంగులద్దుదురు గనుక అసలు ఇక్కత్తు రెండు ప్రక్కల ఒక్క తీరుగా నుండును, నమూనా అంచులు కొంచెము చెదరినట్లుండును. అచ్చువేసినది వెనుకకు త్రిప్పినచో సాధారణముగా వెలిసినట్లు కనబడును. ఈ యొక్క మాట తెలిసిన గృహిణి మరి పదిమందికి చెప్పును, అమ్మువాని యెదుటనే గుడ్డ తిరుగవేసి చూచును.

కాలమును గూర్చి వారికి నేను చెప్పవలసిన పని లేకపోయెను. శ్రావణ ముహూర్తములకు చీర కావలెనన్న పడుగు ఎప్పుడు కట్టవలెనో వారికి తెలియును. మాట గూడ పడుగుతోడనే మొదలుపెట్టవలె నంటిని. ఆషాఢమున పెండ్లిండ్లు లేవు. అది చెప్పుటకు అనువైన మాసము. 2015 నుండి ఆగస్టు 7న జాతీయ చేనేత దినము జరుపుచున్నారు. ఆనాటికి జనుల చెవి కొంత ఇటు తిరిగియుండును. ప్రతి మూడు మాసముల కొకమారు పద్దు చూడవలెను. చూచినవారెందరన్నది కాదు, ధర అడిగినవారెందరు, కొన్నవారెందరు, మరల వచ్చినవారెందరు.

కడపట ఒక్కచోట మాకు పొత్తు కుదరలేదు. చీరతోపాటు ధరయు, అందులో నేసినవాని కూలి యెంతయో వ్రాయుడని నేనంటిని. వ్రాసినచో దళారులు తమ సరకు ముట్టరని ఇద్దరు భయపడిరి. ముట్టకున్న పోనిమ్మని పెద్దాయన యనెను. ఆయన మనుమడే ఆ చిత్రము దీసిన పిల్లవాడు. ఇప్పుడు మా వీధిలోనే అద్దె గదిలో నున్నాడు. సంఘపు సమావేశమున ఈ సంగతి తేల్చుకొని వ్రాసెదమని చెప్పి మువ్వురును వెడలిరి.